ఒకే రంగుతో శిల్పభ్రాంతి

సూర్యాపేట సమీపమున పిల్లలమర్రి అను గ్రామము కలదు. మహబూబ్‌నగరు వద్ద మహావృక్షమునకు పేరుపొందిన పిల్లలమర్రి వేరు. 2016 వరకు నల్లగొండ జిల్లాలో చేరియుండిన ఈ గ్రామమున కాకతీయుల కాలపు శివాలయములున్నవి. అందలి నల్లరాతి స్తంభములపై చెక్కిన బొమ్మలు రాతి రంగుననే యున్నను స్పష్టముగా కనబడును. కారణమేమి? ఉబికిన భాగముపై వెలుగు పడును. లోతైన చోట నీడ నిలుచును. ఈ తేడానుబట్టియే మన మెదడు ఎత్తుపల్లములను గ్రహించును.

ఉలి పట్టకయే, చదునైన గోడపై ఈ వెలుగునీడలను ఒకే రంగు యొక్క లేత, ముదురు ఛాయలతో కల్పించినచో అది ఏకవర్ణ కుడ్యచిత్రము. ఐరోపాలో దీనిని ‘గ్రిజాయ్’ అందురు; ఫ్రెంచి భాషలో ‘గ్రీ’ అనగా బూడిదరంగు. ఇటలీలోని పాదువా నగరమున 1305 ప్రాంతమున జొట్టో అను చిత్రకారుడు స్క్రొవెన్యి ప్రార్థనాలయపు గోడల అడుగుభాగమున ఏడు సుగుణములను, ఏడు దుర్గుణములను రాతివిగ్రహములవలె ఇట్లే చిత్రించెను. పిదప రాజభవనముల గోడలకు, కప్పులకు ఈ పద్ధతి వ్యాపించెను.

దీపము చోటు మార్చినచో చెక్కిన బొమ్మ నీడ మారును. చిత్రించిన నీడ మారదు. అందుచే చిత్రకారుడు గదికి కిటికీ ఏ దిక్కున నున్నదో చూచి, అటునుండియే వెలుగు వచ్చినట్లు ఛాయలు దిద్దును. ఒక మట్టిబొమ్మ, దాని పెన్సిలు చిత్రము, ఒక టార్చిలైటు ఉన్నచో ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును.

విశాలమైన పాత భవనములలో వెలుతురు తక్కువ. మన కంటిలో రంగులను గుర్తించు శంకుకణములు మందకాంతిలో చక్కగా పనిచేయవు. దండకణములు వెలుగుచీకట్ల తేడాను మాత్రమే తెలుపును. వెన్నెలలో చింతచెట్టు ఆకారము తెలియును గాని ఆకుపచ్చ తెలియదు. ఏకవర్ణ చిత్రము ఆ తేడాపైననే ఆధారపడును గనుక మసకలోను రూపము నిలుపుకొనును.

అయితే ఛాయాభేదమే దాని ప్రాణము. దీపపు మసి తెలుపును కప్పినచో బొమ్మయే మాయమగును. గోడలో చెమ్మ చేరినచో, లవణములు నీటితో పైకివచ్చి, నీరు ఆవిరికాగా స్ఫటికములై గచ్చును పెకలించును.

పిల్లలమర్రిలో క్షీరసాగరమథన చిత్రపు అవశేషములు కలవు. అది గ్రిజాయ్ పద్ధతిలోనిది కాదు. కాని మసి, చెమ్మ దానికిని శత్రువులే. రాతిబొమ్మపై మసి పట్టినను కడిగినచో రూపము మిగులును. గచ్చుపై రంగు రాలినచో తిరిగి రాదు. కావున పాత గోడకు సున్నము వేయుటకు ముందు దాని క్రింద ఏమున్నదో చూడవలెను; చిత్రమున్న గోడను చేతితో తాకరాదు.