పెట్రోలు ట్యాంకునకును ఊపిరి కావలెను

నిండు నూనె డబ్బాకు ఒక మూలను రంధ్రము చేసి వంపి చూడుడు. నూనె ధారగా రాదు; గుటక గుటకగా పడి, ఆగి, మరల పడును. ఎదుటి మూలను మరియొక రంధ్రము చేసినచో ధార సాఫీగా సాగును. నూనె విడిచిన చోటును నింపుటకు గాలి లోనికి పోవలెను. రెండవ రంధ్రము ఆ గాలికి దారి. కారు పెట్రోలు ట్యాంకు విషయమును ఇట్టిదే.

ఇంజను పెట్రోలును లాగుకొన్నకొలది ట్యాంకులో ఖాళీ పెరుగును. గాలి దారి మూసికొన్నచో లోపలి పీడనము తగ్గును. వాయుమండలము ప్రతి చదరపు సెంటీమీటరును సుమారు 1 కిలోగ్రాము బరువుతో నొక్కుచున్నదని మీరు చదివియున్నారు. లోపల అందులో పదియవ వంతు తగ్గినను, 30 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల రేకుపై సుమారు 90 కిలోగ్రాముల భారము అధికముగా పడును. ట్యాంకు సొట్టపడవచ్చును; పెట్రోలు అందక ఇంజను ఆగవచ్చును. మూత విప్పగానే గాలి బుస్సుమని లోనికి పోయి, బండి మరల కొంతదూరము నడచినచో, గాలి దారియే మూసికొన్నదని అనుమానింపవలెను.

పీల్చిన ఊపిరిని విడువవలెను గదా! ఎండకు పెట్రోలు వ్యాకోచించును, ఆవిరియు పెరుగును. 40 లీటర్ల పెట్రోలు 20 డిగ్రీలు వేడెక్కినచో సుమారు ముప్పాతిక లీటరు పెరుగును. మన పావగడ తాలూకా తిరుమణి వద్ద 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రమునకు వరమైన యెండయే ట్యాంకునకు పరీక్ష. కావున ట్యాంకును మెడవరకు నింపరాదు. పూర్వపు కార్లలో ఈ ఆవిరి మూతలోని సన్నని రంధ్రముగుండ బయటికి పోయెడిది. నేటి కార్లలో అది ఒక గొట్టముగుండ బొగ్గు నింపిన డబ్బాను చేరును. బొగ్గు ఆవిరిని పట్టియుంచును. ఇంజను నడచునపుడు దానిని లాగుకొని మండించును.

ట్యాంకును దింపినపుడు సాధారణముగా ఈ గొట్టములు కనబడును: పెట్రోలును ఇంజనుకు చేర్చునది, కొన్ని బండ్లలో మిగిలిన పెట్రోలును వెనుకకు తెచ్చునది, ఆవిరిని బొగ్గు డబ్బాకు చేర్చునది, పెట్రోలు పోయు మెడకు ప్రక్కన గాలిని వదలు సన్ననిది. ఇవి చూచుటకు ఒకే తీరుగ నుండును గాని, వీని పనులు వేరు. మొదటి రెండును తారుమారైనచో ఇంజను సరిగా నడువదు. ఆవిరి గొట్టము నలిగినచో ట్యాంకునకు ఊపిరాడదు. ఊడియున్నచో బండి చుట్టును పెట్రోలు వాసన క్రమ్మును. మెడ ప్రక్కనున్నది మడతపడినచో బంకులో పెట్రోలు పోయుచుండగా మాటిమాటికి ఆగిపోవును. అందుచే విప్పకముందే ప్రతి గొట్టమునకును, అది తగులు చోటునకును ఒకే అంకె గల చీటీ కట్టి, చిత్రము గీసికొనవలెను. బిగించునపుడు గట్టిపడిన, పగిలిన గొట్టములను మార్చవలెను. నీటి గొట్టము పనికిరాదు. పెట్రోలుకు తగిన రబ్బరుదే కావలెను. పిదప కొద్దిపాటి పెట్రోలు పోసి, ప్రతి అతుకును చూచి, కారుట లేదని తెలిసికొనిన పిమ్మటనే ఇంజనును నడపవలెను.

ఇక ప్రమాదము సంగతి. పెట్రోలు ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. అది పైకి పోక, నేలబారున ప్రాకి గుంటలలో నిలుచును. గాలిలో నూటికి ఇంచుమించు ఒకటిన్నర పాలు చేరినను నిప్పురవ్వకు అంటుకొనును. కావున ఈ పనిని ఆరుబయట, ఇంజను చల్లారిన పిదప, బ్యాటరీ తీగ విప్పి, మూతను మెల్లగా తెరచి, లోపలి ఒత్తిడిని వదలి చేయవలెను. ఖాళీ ట్యాంకు నిరపాయమనుకొనుట పొరపాటు. దానిలో ఆవిరి నిండియుండును. దానికి వెల్డింగు దీపము చూపినవారు ప్రాణములు కోల్పోవుదురు. గొట్టమును నోట బెట్టి పెట్రోలును పీల్చు అలవాటును మానవలెను. అది ఒక్క గుక్క ఊపిరితిత్తులలోనికి పోయినను ప్రాణాపాయము.

తలిదండ్రులకు మా విన్నపము. బాలకార్మిక చట్టమునకు 2016లో జరిగిన సవరణ ప్రకారము, పదునెనిమిదేండ్లు నిండనివారిని త్వరగా మండు పదార్థముల పనిలో నియమింపరాదు. సెలవులలో పిల్లవాడు మెకానిక్కు షెడ్డునకు పోయి నాలుగు డబ్బులు తెచ్చుట మీకు సంతోషము కావచ్చును. కాని పెట్రోలు ట్యాంకు క్రింద వానిని పడుకొనబెట్టవద్దని షెడ్డు యజమానితో చెప్పుడు. విద్యార్థులారా, ఆ పనిని వయసు వచ్చిన తరువాత నేర్చుకొనవచ్చును. దాని వెనుకనున్న శాస్త్రమును నేడే నేర్చుకొనుడు. నూనె డబ్బాయు, రెండు రంధ్రములును చాలును.