వానరసేవ – వనధర్మం

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాద్రికి వచ్చే యాత్రికులకు దారిలో అరణ్యం కనిపిస్తుంది. ఆ అరణ్యపు అంచున రహదారి పక్కన కూర్చున్న వానరాలూ కనిపిస్తాయి. శ్రీరామకార్యంలో పాలుపంచుకొన్న జాతి అనే భావంతో వాహనం ఆపి అరటిపండ్లు, బిస్కెట్లు, పులిహోర పెట్టే భక్తులు ఎందరో ఉన్నారు. ఆ భావం పవిత్రమైనదే. అయితే ఆ ఆహారం అడవిలోని ప్రాణుల సంఖ్యను ఎట్లు మారుస్తున్నదో కూడా భక్తులు తెలుసుకొనవలసి ఉన్నది.

అడవి లెక్క

ఏ అరణ్యమైనా ఒక పరిమితి వరకే ప్రాణులను పోషించగలదు. దీనిని ప్రకృతి శాస్త్రజ్ఞులు ధారణశక్తి అంటారు. ఆహారం, నీరు, ఆవాసం అనే మూడింటిలో ఏది మిక్కిలి కొరతగా ఉన్నదో అదే ఆ పరిమితిని నిర్ణయిస్తుంది. గాదె నిండా ధాన్యమున్నా బావి ఎండితే ఊరు నిలువదు కదా!

పాల్వంచ సమీపంలో 1977లో ఏర్పడిన కిన్నెరసాని అభయారణ్యం విస్తీర్ణం సుమారు 635 చదరపు కిలోమీటర్లు. దుప్పి, కణుజు, అడవిదున్న, అడవిపంది, ఎలుగుబంటి, చిరుతపులి అక్కడి నివాసులు, జలాశయంలో మొసళ్ళున్నాయి. వేసవి ఆరంభంలో ఇప్పపూలు రాలుతాయి. ఆ పూవు ఎలుగుబంటికీ, దుప్పికీ, కోతికీ ఆహారమే. ఏరుకొనే కోయ కుటుంబాలకు జీవనాధారమే. తరువాత తునికిపండ్లు వస్తాయి. మర్రి, మేడి, జువ్వి చెట్లు అన్నీ ఒకే కాలంలో పండవు; ఒక చెట్టు ఒక నెలలో, మరొకటి మరొక నెలలో పండుతుంది. తక్కిన చెట్లు వట్టిపోయినప్పుడు పక్షులకూ, మృగాలకూ ప్రాణం నిలిపేవి అవే. అందుచేత ఒక మర్రిని నరికితే నష్టపోయేది ఒక్క చెట్టు మాత్రమే కాదు.

ఆహారం ఒక్కటే సంఖ్యను నిర్ణయించదు. ప్రాణుల పరస్పర సంబంధం కూడా నిర్ణయిస్తుంది. ఒకే పండుకు రెండు జాతులు పోటీపడితే బలహీనమైనది తగ్గుతుంది. చిరుతపులి, కొండచిలువ కోతులను వేటాడి వాటి సంఖ్యను అదుపులో ఉంచుతాయి. మైత్రి కూడా ఉన్నది. కొండముచ్చులు కొమ్మలపై నుండి రాల్చిన ఆకులు, కాయలు కింద దుప్పులు తింటాయి. పైనుండి చిరుతను చూచి కొండముచ్చు అరిస్తే దుప్పులు పరుగుతీస్తాయి. పులికీ అడవికీ గల పరస్పరాశ్రయాన్ని ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రునికి బోధించిన సంగతి భారతం చదివినవారికి తెలిసినదే.

గోదావరి గీసిన హద్దు

మన వానరాలలో రెండు జాతులున్నాయని చాలామంది గమనించరు. తలపై వెంట్రుకలు టోపీవలె పరచుకొని, దేహంకంటె పొడవైన తోక గలది దక్షిణదేశపు కోతి. పొట్టి తోక, ఎర్రని పిరుదులు గలది ఉత్తరదేశపు కోతి. తూర్పు భాగంలో ఈ రెండింటికీ గోదావరియే పూర్వపు హద్దని శాస్త్రజ్ఞులు గుర్తించారు. అంటే 1965లో నిర్మాణం పూర్తయిన వంతెన దాటి భద్రాద్రి చేరే భక్తుడు ఆ ప్రాచీనమైన హద్దును కూడా దాటుతున్నాడన్నమాట.

గత కొన్ని దశాబ్దాలుగా ఉత్తరజాతి నదికి దక్షిణంగా వ్యాపిస్తున్నది. ఊళ్ళలో పట్టిన కోతులను తెచ్చి దూరప్రాంతాలలో విడిచిపెట్టడం కూడా ఇందుకొక కారణం. ఉత్తరజాతి చేరిన చోట దక్షిణజాతి క్రమంగా స్థానం కోల్పోతున్నది. దక్షిణాపథంలో తప్ప లోకంలో మరెక్కడా సహజంగా లేని ఆ జాతిని నేడు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ముప్పున్న జాతులలో చేర్చింది.

పెట్టిన ఆహారం చేసే పని

అడవిలో కోతి రోజులో అధికభాగం ఆహారాన్వేషణలోనే గడుపుతుంది. రహదారి పక్కన అది అప్రయత్నంగా దొరికితే ఆడకోతులు త్వరత్వరగా ఈనుతాయి, పిల్లలు ఎక్కువగా బ్రతుకుతాయి. జనసంచారానికి వెరచి చిరుత అటు రాదు. ఈ విధంగా ఆహారపు కొరత, శత్రుభయం అనే రెండు కళ్ళెములూ ఒకేసారి సడలుతాయి. శ్రీరామనవమి దినాలలో పెట్టేవారు వేలమంది. ఉత్సవం ముగిసిన తరువాత పెట్టేవారు తగ్గుతారు, పెరిగిన మంద మాత్రం అక్కడే ఉంటుంది. అప్పుడది మొక్కజొన్న చేలమీద, కూరగాయల తోటలమీద, ఇళ్ళ పెంకులమీద పడుతుంది. భక్తుడు పెట్టిన పండుకు వెల చెల్లించేవాడు అడవి అంచున ఉన్న చిన్న రైతు.

మిగిలిన ఎంగిలికి వీధికుక్కలు చేరుతాయి. అవి దుప్పిపిల్లలను తరుముతాయి. ఆ కుక్కలకోసం చిరుత ఊరివైపు వస్తుంది. వాహనాల కింద పడి మరణించే వానరాలు, ప్లాస్టిక్ సంచులు మింగే మృగాలు వేరే లెక్క.

ధర్మసందేహం

భూతయజ్ఞం గృహస్థధర్మం కదా, కోతికి పెట్టకుంటే పాపం కాదా అని కొందరడుగుతారు. భూతయజ్ఞం నిత్యం ఇంటివద్ద మితంగా చేసే బలి. అడవిమృగాన్ని యాచకునిగా మార్చే క్రియ కాదు. దానానికి దేశం, కాలం, పాత్రత చూడాలని శాస్త్రం విధించింది. రహదారి తగిన దేశం కాదు; అడవి తానే పెట్టగల ప్రాణి తగిన పాత్ర కాదు. వాల్మీకి సుందరకాండలో వర్ణించిన మధువనంలో కూడా వానరాలు అనుభవించినది వనం ఇచ్చిన తేనెనే.

కనుక భక్తులకు మనవి:

దారిలో గాని, పర్ణశాల వద్ద గాని, గుడి మెట్ల వద్ద గాని కోతులకు ఆహారం వేయకండి. ప్రసాదం, పండ్లు మూత ఉన్న సంచిలో ఉంచండి. మిగిలిన అన్నం, ప్లాస్టిక్ అడవిలో పారవేయకండి. కోతి కరచినా, రక్కినా గాయాన్ని సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. పసుపు పూసి ఊరకుండరాదు.

వానరసేవకై ద్రవ్యం సమర్పించదలచిన దాతలు రహదారికి దూరంగా, అటవీశాఖ అనుమతించిన చోట మర్రి, మేడి, నేరేడు, తునికి మొక్కలు నాటించి, మూడేళ్ళు నీరు పోయించే ఏర్పాటు చేయవచ్చు. ఒక అరటిగెల ఒక్క పూట ఆహారం. ఒక మర్రిచెట్టు వందల ఏళ్ళు కోతికీ, చిలుకకూ, ఎలుగుబంటికీ అన్నసత్రం. భద్రాద్రి రాముడు నార చీరలతో నడచిన వనాన్ని వనంగానే నిలుపగలిగితే అదే స్వామికి ఇష్టమైన వానరసేవ.