వెదజల్లుటయా, గొఱ్ఱుతో విత్తుటయా? – సంఘపు సరకునకు ప్రకటన చేయు రెండు మార్గములు

పంట పండించుట యొక కష్టము. పండిన పంటకు తగిన వెల రాబట్టుట మఱియొక కష్టము. మొదటి దానిలో మన రైతులు తరతరములుగా ఆరితేరినవారు. రెండవ దానిలో మాత్రము నేటికిని పెక్కుమంది దలారులపైనను, కమీషను వ్యాపారులపైనను ఆధారపడియున్నారు. ఈ లోపమును తీర్చుకొనుటకే కొన్ని సహకార సంఘములు తమ సభ్యుల మామిడిపండ్లను, బెల్లమును, పసుపును పట్టణవాసుల యిండ్లకు నేరుగా పంపుటకు పూనుకొనుచున్నవి. అట్టి సంఘములకు మొట్టమొదట ఎదురగు ప్రశ్న యేమన, మన సరకు కలదని కొనువారికి తెలియజేయుట యెట్లు?

పట్టణములయందు కొనువారి చూపు నేడు చేతిఫోనుపైననే యున్నది గనుక, ప్రకటనయు నచ్చటనే చేయవలసియున్నది. దానికి ముఖ్యముగా రెండు మార్గములు గలవు. ఒకటి, గూగుల్ వంటి చోట్ల మనుష్యులు ఏదైన వెదకునపుడు వారి కంటబడు సెర్చి ప్రకటన. రెండవది, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మొదలగు వానిలో స్నేహితుల ముచ్చట్లనడుమ కనబడు సోషల్ మీడియా ప్రకటన. రెంటికిని రొక్కము చెల్లింపవలయును. ఆ రొక్కము సభ్యుల ఉమ్మడి సొత్తు. అది వ్యర్థమైనచో నష్టము ప్రతి వాటాదారునకును తగులును. కావున ఏది మేలని విచారింపక, పొరుగు సంఘము చేసినదని మనమును చేయుట తగదు.

సెర్చి ప్రకటన పనిచేయు తీరు

వెదకు మాటలపై స్థానమునకు వేలము పాడు పద్ధతి అమెరికాలో 1998లో గోటూ అను సంస్థతో ప్రారంభమైనది. గూగుల్ సంస్థ 2000 సంవత్సరమున తన ప్రకటనల శాఖను తెఱచినది. దీని కిటు కిది: హైదరాబాదులో ఒక గృహిణి ఫోనులో “బంగినపల్లి మామిడి ఇంటికి పంపువారు” అని వెదకినదనుకొందము. ఆ క్షణముననే ఆ మాటలకై డబ్బు పెట్టదలచినవారినడుమ వేలము జరుగును. ఎక్కువ పాడినవానికే స్థానము దక్కునని యనుకొనరాదు. ప్రకటన అడిగిన ప్రశ్నకు సరిపోవుచున్నదా, నొక్కిన పిమ్మట తెఱచుకొను పుట ఉపయోగకరముగా నున్నదా యని కూడ లెక్కింతురు. సాధారణముగా ప్రకటన కనబడినంతమాత్రమున ఖర్చు లేదు. దానిని నొక్కినప్పుడే రుసుము పడును.

ఇది గొఱ్ఱుతో విత్తుట వంటిది. పదునున్న సాలులోనే గింజ పడును. అడిగినవానికే మనము జవాబు చెప్పుచున్నాము. అయితే అడుగువారే లేనిచోట ఈ గొఱ్ఱు నడువదు. ఎవ్వరును పేరెఱుగని సరకును ఎవ్వరును వెదకరు గదా!

సోషల్ మీడియా ప్రకటన పనిచేయు తీరు

ఫేస్‌బుక్ సంస్థ 2007లో తన ప్రకటనల పద్ధతిని ప్రవేశపెట్టినది. 2012లో ఇన్‌స్టాగ్రామును కొనినది. 2021 నుండి ఆ సంస్థ మెటా యను పేర నడచుచున్నది. ఇచ్చట కొనువాడు మనలను వెదకడు. మనమే వాని యెదుటికి పోవుదుము. ఏ పట్టణమువారికి, ఏ వయస్సువారికి, ఎట్టి యభిరుచులు గలవారికి చూపవలెనో కోరవచ్చును. ఖర్చు ప్రాయికముగా ఎన్ని వేల సారులు కనబడినదను లెక్కపై పడును. బొమ్మయు, చిన్న చలనచిత్రమును ఇచ్చట ముఖ్యములు.

ఇది వెదజల్లుట. చేను త్వరగా నిండును గాని కొన్ని గింజలు గట్టుమీదను పడును. అట్లని వెదజల్లుట చెడ్డ పద్ధతి యనరాదు. దమ్ముచేసిన మడిలో మొలకెత్తిన వడ్లను చల్లుదుము; రాయలసీమ మెట్టచేలలో వేరుసెనగను గొఱ్ఱుతో విత్తుదుము. నేలనుబట్టి పద్ధతి. ప్రకటనకును అట్లే సరకునుబట్టి, కొనువారినిబట్టి పద్ధతి.

ఏ సరకున కేది తగును?

బంగినపల్లి మామిడి పేరు ప్రసిద్ధమైనది. దానికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. వేసవి రాగానే దానిని కోరి వెదకువారు వేలకు వేలుందురు. అట్టి సరకునకు సెర్చి ప్రకటన మొదట పరీక్షింపదగినది. కాని వెదకు మాటలను ఎన్నుటలో నేర్పు కావలెను. ఈ పండునే హైదరాబాదువారు బేనిషాన్ అందురు; ఢిల్లీ ప్రాంతమున సఫేదా యని పిలుతురు. మనకు తెలిసిన పేరొక్కటియే వ్రాసికొన్నచో తక్కిన పేళ్లతో అడుగువారికి మనము కనబడము.

అంతకంటె ముఖ్యమైనది, వలదను మాటల పట్టిక. మామిడి యను మాట వెదకువా రెల్లరును పండ్లు కొనువారు కారు. ఒకరు అంటుమొక్కలకై వెదకుదురు. ఒకరు ఆవకాయ పెట్టు విధమునకై. ఒకరు తెగుళ్ల మందులకై. వీరు నొక్కినను మనకు రుసుము పడును. విత్తువాని ఉపమానములో త్రోవప్రక్క పడి పక్షులపాలైన గింజల వంటివి ఈ నొక్కుళ్లు. “మొక్కలు”, “తయారీ”, “తెగులు” మొదలగు మాటలను వలదను పట్టికలో చేర్చినచో ఈ వృథా చాలవఱకు తగ్గును. జనులు నిజముగా ఏ మాటలతో వెదకిరో గూగుల్ చూపును. దానిని వారమునకు రెండుమారులైన చదివి పట్టికను పెంచుచుండవలెను.

ఇక ఆత్రేయపురము పూతరేకుల సంగతి చూడుడు. 2023లో వీనికిని భౌగోళిక గుర్తింపు వచ్చినది. బెంగుళూరులో నున్న తెలుగువాడు పేరుపెట్టి వెదకును; వానికి సెర్చి ప్రకటన చాలును. అదే యూరిలోని యితర భాషలవానికి ఆ పేరే తెలియకపోవచ్చును. వెదకు మాట వాని నోట నెట్లు వచ్చును? అయితే బోర్లించిన వేడి కుండపై పిండినీటి గుడ్డను లాగగానే కాగితమువంటి రేకు లేచి వచ్చుట యొక్కసారి కన్నులార చూచెనా, ఇదేమి వింతయని ఆగును. అట్టివానికి సోషల్ మీడియా ప్రకటనయే దారి. సరకొక్కటే, కొనువారు రెండు తెగలు, మార్గములును రెండు.

కావున సభలో అడుగవలసిన మొదటి ప్రశ్న “గూగులా, ఫేస్‌బుక్కా” యనునది కాదు. “మన సరకును పేరుపెట్టి అడుగువారు ఇదివఱకే కలరా, లేక మనమే చూపి కోరిక పుట్టింపవలెనా?” యనునదే.

ముందు లెక్క, పిమ్మట ప్రకటన

ఈ క్రింది అంకెలు లెక్క చేయు విధము తెలియుటకు ఊహించి వేసినవి. ప్రతి సంఘమును తన సొంత అంకెలతో లెక్క కట్టుకొనవలయును. 5 కిలోల మామిడిపెట్టెను 750 రూపాయలకు అమ్ముదుమనుకొందము. రైతునకు పండ్ల వెల 400, పెట్టెకును గడ్డికిని 60, రవాణాకు 140, వెరసి 600 రూపాయలు. మిగులు 150. ఒక్కొక్క పెట్టెపై ప్రకటనకు పెట్టగల పరమావధి యింతే. ఆఫీసు ఖర్చులును అందులోనివే.

సెర్చి ప్రకటనలో నొక్కున కొకటికి 8 రూపాయల వంతున పడి, 12 మందిలో ఒకరు కొన్నచో, పెట్టెకు 96 రూపాయలు ఖర్చు, 54 మిగులును. 25 మందిలో ఒకరు మాత్రమే కొన్నచో ఖర్చు 200. పెట్టెకు 50 నష్టము. సోషల్ మీడియాలో వేయిసారులు కనబడుటకు 100 రూపాయలై, అందు 10 మంది వాట్సప్‌లో విచారించి, 20 మంది విచారించినవారిలో ఒకరు కొన్నచో, ఖర్చు 200 రూపాయలు. ఇచ్చటను 50 నష్టము.

అయిన నిచ్చట తొందరపడరాదు. ఆ కొన్నవారే ప్రకటన లేకయే మఱి రెండు పెట్టెలు తెప్పించుకొన్నచో, మూడు పెట్టెల మిగులు 450లో 200 పోగా 250 నిలుచును. అనగా పెట్టెకు 83 రూపాయలు. ఒక్కసారి కొని మఱల రాని సెర్చి బేరముకంటె నిది మేలు. కావున లెక్క ఒక్క బేరముతో ముగింపరాదు. ఋతువు ముగియువఱకు ఎవరు మఱల కొన్నారో చిట్టాలో వ్రాయవలయును. ఈ ప్రకటన ఖర్చుపై 18 శాతము వస్తుసేవల పన్ను అదనము. తాజాపండ్లపై అమ్మకపు పన్ను లేదు గనుక, ప్రకటనపై కట్టిన పన్నును మినహాయించుకొను వీలుండదు. దానిని కూడ ఖర్చులో కలుపవలెను.

రెండు మడుల పరీక్ష

క్రొత్త వంగడము వచ్చినపుడు చేనంతయు వేయము. రెండు మడులు కట్టి, ఒకదానిలో పాతదియు, ఒకదానిలో క్రొత్తదియు వేసి, నీరును ఎరువును సమానముగా నిచ్చి, కోతనాడు తూచి చూతుము. ప్రకటనకును ఇదే పద్ధతి. ఒకే పట్టణము, ఒకే వెల, ఒకే రెండువారములు. రెండు మార్గములకును సమానమైన చిన్న మొత్తము. సెర్చి ప్రకటనలో ఒక ఫోను నంబరును, సోషల్ మీడియా ప్రకటనలో వేఱొక నంబరును ఇచ్చినచో ఏ బేరము ఎచ్చటినుండి వచ్చినదో తగవు లేక తేలును. మూడవ మడి కూడ నుండవలెను: వెనుకటి సంవత్సరము కొన్నవారికి గుమాస్తా ఫోను చేసినచో ఎన్ని పెట్టెలు పోయినవి? పలుచోట్ల ఈ మడియే అన్నిటికంటె చౌకగా పండును.

తూచవలసినది రూపాయికి వచ్చిన బేరమునే గాని మెచ్చికోళ్లను కాదు. వేయిమంది బొటనవ్రేలి గుర్తు నొక్కిరని కార్యదర్శి సంతోషించినంతమాత్రమున రైతుగాదెలోనికి గింజ రాదు. ఫేస్‌బుక్కులో ప్రకటన పెట్టునపుడు “మెచ్చికోళ్లు కావలెనా, విచారించు సందేశములు కావలెనా” యని ఎన్నుకొను వీలు కలదు. సందేశములనే ఎన్నుకొనవలయును.

కొన్ని జాగ్రత్తలు

1. ప్రకటన ఖాతా సంఘము పేరనే యుండవలెను. ఏజెంటు పేరనున్నచో అతడు పోయిన దినమున మన యనుభవమంతయు అతనితోనే పోవును. తాళపుమాట ఇద్దరు అధికారుల వద్ద నుండవలెను.

2. దినమునకు ఇంతయని హద్దు పెట్టవలెను. గూగుల్‌లో ఒక్కొక్క దినము ఆ హద్దునకు రెట్టింపు వఱకు ఖర్చు కావచ్చును. నెలమొత్తము మాత్రము దినపు హద్దునకు 30.4 రెట్లు మించదు. ఇది యెఱుగక గాభరాపడరాదు.

3. పెట్టె చేరగల ఊళ్లకే ప్రకటన చూపవలెను. గూగుల్‌లో మనము మార్చనిచో, ఆ ఊరిలో నున్నవారికే గాక ఆ ఊరిపై ఆసక్తి గలవారికిని కనబడును. అమెరికాలోని మనవారు నొక్కిన నొక్కునకు మనము రుసుము కట్టి, పండు పంపలేక క్షమాపణ చెప్పుట యెందులకు?

4. నిజమే చెప్పవలెను. కార్బైడుతో మాగబెట్టుట చట్టవిరుద్ధము. మాగబెట్టలేదని వ్రాసినచో ఏ సభ్యుని తోటలోను ఆ పని జరుగకుండ చూడవలెను. బెల్లము తినిన మధుమేహము కుదురునను వంటి మాటలు వ్రాయరాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము మోసపు ప్రకటనకు 10 లక్షల రూపాయల వఱకు దండన విధింపవచ్చును.

5. సరకు నిండుకొన్న దినముననే ప్రకటనను ఆపవలెను. కోతలు ముగిసినను ప్రకటన నడచుచున్నచో అది చిల్లికుండలో నీరు పోయుటయే.

పెట్టుబడి పెట్టు ముందు ఈ విషయమంతయు సర్వసభ్య సమావేశమున చదివి, పరీక్షకు ఎంత మొత్తము, ఎంత కాలము, ఎంత నష్టమువఱకు ఓర్చుకొందుమో తీర్మానములో వ్రాసికొనుట మంచిది. ఋతువు ముగిసిన పిమ్మట మూడు మడుల లెక్కను సభ్యుల యెదుట పెట్టవలెను. నష్టము వచ్చినను దాచరాదు. ఒక్క యేటి నిజమైన లెక్క మఱుసటి యేటికి విత్తనము. ఏ పెట్టెపై ఎంత ఖర్చైనదో తెలిసియున్న సంఘము, వ్యాపారి చెప్పిన వెలకు తలయూపక, తన వెలను తానే చెప్పుకొనగలదు. సంఘము స్థాపించుకొన్నది అందులకే గదా!