అమ్మ గొంతు పదిలమేనా?



మా అమ్మ నాట్లు వేస్తూ పాడే పాటలను నాన్నగారు ఒక అరవై నిమిషాల క్యాసెట్టులో రికార్డు చేసి ఉంచారు. అమ్మ 2011లో కన్నుమూసింది. కొన్నాళ్లకు నేను ఆ క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించాను. ఫైలు మరీ పెద్దదిగా ఉన్నదని, చోటు కలిసివస్తుందని తలంచి, దానిని బాగా చిన్న ఎంపీ3గా మార్చి, అసలు ఫైలును చెరిపివేశాను. ఆ తరువాత క్యాసెట్టు రిబ్బను చుట్టుకొని తెగిపోయింది. నేడు మాకు మిగిలినది ఆ చిన్న ఫైలు ఒక్కటే. అందులో అమ్మ గొంతు నీళ్లలోనుండి వచ్చినట్టుంటుంది. మా చెల్లెలు విని, "అన్నయ్యా, ఇది అమ్మ గొంతేనా?" అని అడిగింది. నేను చేసిన పొరపాటు మీ ఇంట జరగకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కంప్యూటరు శబ్దాన్ని అంకెలుగా దాచుకుంటుంది. సీడీ నాణ్యతలోనైతే సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి రాసుకుంటుంది. ఆ అంకెలను ఉన్నవున్నట్టు ఉంచే ఫైలు 'వేవ్'. మైక్రోసాఫ్ట్, ఐబిఎం సంస్థలు 1991లో దీనిని తెచ్చాయి. నిమిషానికి సుమారు 10 ఎం.బి. పడుతుంది. అంటే గంట క్యాసెట్టుకు 600 ఎం.బి. పైమాటే.

ఎంపీ3 దారి వేరు. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ శాస్త్రజ్ఞులు దీని రూపకల్పనలో ముఖ్యులు. డప్పు మోగుతున్నప్పుడు పక్కవారి గుసగుస మనకు వినబడదు గదా! అలా చెవికి అందని భాగాలను ఎంపీ3 తీసిపారవేస్తుంది. 128 కిలోబిట్ల లెక్కన మారిస్తే అదే గంట 60 ఎం.బి. లోపే సరిపోతుంది. అయితే నాలాగా ఆశపడి 32కు, 24కు తగ్గిస్తే చెవికి కావలసినది కూడా పోతుంది.

మరొకటి 'ఫ్లాక్'. 2001లో వచ్చింది. దుప్పటిని మడతపెట్టినట్టు శబ్దాన్ని మడిచి, దాదాపు సగం చోటులో ఉంచుతుంది. విప్పితే ఒక్క పోగు కూడా తగ్గదు.

ఇక్కడ చాలామంది మూడు చోట్ల పొరబడుతున్నారు. ఫైలు పేరు చివర 'వేవ్' తీసి 'ఎంపీ3' అని రాసినంత మాత్రాన ఫైలు మారదు. సీసా మీద చీటీ మార్చితే లోపలి నూనె మారుతుందా? రెండవది, ఎంపీ3ని తిరిగి వేవ్‌గా మార్చితే పరిమాణం పెరుగుతుంది గాని, పోయిన శబ్దం రాదు. అమ్మ గొంతుకోసం నేను ఆ ప్రయత్నమూ చేశాను. మూడవది, ఎంపీ3ని మళ్లీ మళ్లీ ఎంపీ3గా మార్చడం. జిరాక్సుకు జిరాక్సు తీసినట్టు, ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది.

మరి ఏమి చేయాలి? 'ఆడాసిటీ' అనే ప్రోగ్రాము 2000లో విడుదలైంది. ఉచితంగా దొరుకుతుంది. టేప్‌రికార్డరు ఇయర్‌ఫోను రంధ్రంనుండి కంప్యూటరులోని 'లైన్ ఇన్' రంధ్రానికి తీగ కలపండి. ఎర్ర బొత్తాము నొక్కి, క్యాసెట్టు వేయండి. తెరమీద శబ్దపు కొలత చివరి గీతను తాకకుండా ధ్వని తగ్గించుకోండి. పూర్తయ్యాక 'ఫైల్' మెనూలో 'ఎక్స్‌పోర్ట్' అనే మాట ఎంచుకొని, మొదట వేవ్ గాని ఫ్లాక్ గాని చేసి దాచండి. ఆ తరువాతనే ఫోనులో వినడానికి, బంధువులకు పంపడానికి వేరొక ఎంపీ3 తీయండి. ఫోనులో రికార్డయిన ఎం4ఏ ఫైలు ఆడాసిటీలో తెరుచుకోకపోతే, 'ఎఫ్ఎఫ్ఎంపెగ్' అనే ఉచిత తోడు ప్రోగ్రామును కూడా ఎక్కించుకోవాలి.

అసలు ఫైలును రెండుచోట్ల ఉంచండి. ఒకటి కంప్యూటరులో, మరొకటి విడిగా పెన్‌డ్రైవులోనో హార్డ్‌డిస్కులోనో. ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది ఫైలు పేరులోనే రాయండి. లేకుంటే మన పిల్లలకు అది ఎవరి గొంతో తెలియదు.

మన పెద్దలు ఎంత కరువు వచ్చినా విత్తనపు వడ్లు వండుకోలేదు. తినే గింజలు వేరు, విత్తనాలు వేరు. ఎంపీ3 తినే గింజ. అసలు ఫైలు విత్తనం. మీ ఇంటి అటకమీద తాతయ్య మాటలో, నాయనమ్మ జోలపాటో ఉన్న క్యాసెట్టు ఉంటే, ఈ వారమే దింపండి. రిబ్బను తెగకముందే ఆ గొంతును పదిలపరచండి.