సీమ మాదే, మరి ఊరు?

రాయలసీమ గురించి రెండు రకాల మాటలు చలామణిలో ఉన్నాయి. ఒకటి వెక్కిరింత. సీమంటే కరువు, నాటుబాంబులు, వేటకొడవళ్లు, మోటు యాస. రెండోది గర్వం. సీమంటే రాయలేలిన నేల, రతనాలు వీధుల్లో రాశులు పోసి అమ్మిన గడ్డ, మాటకు ప్రాణమిచ్చే పౌరుషం. చదువుకో, ఉద్యోగానికో బయటి జిల్లాలకు పోయిన సీమ పిల్లలు మొదటి మాట పడతారు, రెండో మాటను కవచంలా తొడుక్కుంటారు. దళిత విద్యార్థులూ అదే చేస్తున్నారు. అద్దె గది కోసం పోతే వాళ్లకు రెండు ప్రశ్నలు ఎదురవుతాయి: ఏ ఊరు, ఏమిట్లు? కడప అంటే "బాంబులేమన్నా తెచ్చినావా" అని నవ్వుతారు. రెండో ప్రశ్నకు జవాబు చెప్పినాక ఆ నవ్వు కూడా ఉండదు. గది లేదంటారు. ఈ రెండో దెబ్బకు రాయలవారి కవచం పనికొస్తుందా అన్నదే మా ప్రశ్న.

ముందు పేరు సంగతి చూద్దాం. వినడానికి పాతదిలా ఉంటుంది గానీ ఈ పేరుకు నిండా నూరేళ్లు లేవు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే వీటిని దత్తమండలం అన్నారు. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు 'రాయలసీమ' అన్న పేరు ముందుకు తెచ్చారు. ఒకడు ఇంకొకడికి ఇచ్చేసిన నేల అని పిలిపించుకోవడం అవమానమే, మార్చుకోవడం న్యాయమే. అయితే కొత్త పేరు వెతికేటప్పుడు పెన్నా గుర్తు రాలేదు, కొర్రా రాగీ గుర్తు రాలేదు. నాలుగు వందల ఏళ్ల కిందటి రాజు గుర్తొచ్చాడు. భూమీ చదువూ చేతిలో ఉన్న కులాల సభకు అంతకన్నా ఏం గుర్తొస్తుంది?

ఆ రాజుల కాలంలోనే మన లెక్క కూడా ఒకచోట రాతి మీద ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజవంశీకుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు తవ్వించాడు. మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలనీ, ఆరు దోషాలుండకూడదనీ శాసనం సంస్కృతంలో వివరిస్తుంది. నీటి శాస్త్రం మీద ఇంత వివరంగా మాట్లాడే శాసనాలు దేశంలోనే అరుదు. అందులోనే ఇంకో మాట ఉంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. తవ్వించినవాడి పేరుంది, వంశముంది, పొగడ్త ఉంది. తవ్వినవాళ్లది అంకె మాత్రమే. ఆ వెయ్యిమంది కులాలేమిటో శాసనం చెప్పదు. మనమూ కల్పించి చెప్పనక్కర్లేదు. ఆ వెయ్యి అన్న అంకె సీమ గర్వంలోకి ఎందుకు రాలేదు, ఒక్క భాస్కరుడే ఎందుకొచ్చాడు అని అడిగితే చాలు.

చెరువు కట్టడంతో పని అయిపోదు. తూము ఎప్పుడెత్తాలి, ఎవరి మడికి ఎంత పారించాలి, కరువు ఏట ఎవరికి తగ్గించాలి అనే లెక్క నీరుగంటి చేతిలో ఉండేది. సీమలో చాలాచోట్ల ఆ పని మాల మాదిగలదే. ఊరందరి మళ్లకూ నీళ్లు పంచిన మనిషి ఊరి బావిలో చేద వేయకూడదు! బావుల కింద సేద్యమంతా కపిల మీద నడిచిన రోజుల్లో ఆ తోలు బాన కుట్టింది మాదిగలు. ఆ తోలు ఊరి చేనును తడపొచ్చు, కుట్టిన చెయ్యి మాత్రం మైల. ఇంజన్లు, బోర్లు వచ్చి కపిల పోయింది. దానితో పాటు ఆ పనితనమూ, దాని పదాలూ పోతున్నాయి. సీమ వైభవం మీద అచ్చవుతున్న పుస్తకాల్లో గుళ్లకూ కోటలకూ అధ్యాయాలుంటాయి, కపిలకు పేరా ఉండదు.

కరువు కూడా అందరిదీ ఒకటే అన్నట్టు మాట్లాడటం అలవాటయింది. 1876-78 కరువులో సర్కారు సహాయ పనుల్లో రోజు కూలీని ఒక పౌను ధాన్యం, పైన కొద్ది డబ్బుకు కుదించిన సంగతి చరిత్రలో ఉంది. పాతర్లలో గింజలున్నవాడు ఆ పౌను కోసం రాళ్లు కొట్టడానికి రాడు గదా. ఇవాళా అంతే. వాన తప్పితే భూమి ఉన్నవాడు అప్పుకు పోతాడు, లేనివాడు బెంగళూరుకు పోతాడు. ఆడవాళ్లు కువైట్‌కు పోతారు.

ఇక వెక్కిరింత సంగతి. 1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఆది', 'ఇంద్ర' వచ్చాక సీమంటే గాల్లో లేచే సుమోలు, తెల్ల చొక్కాలు అని స్థిరపడిపోయింది. తమాషా ఏమంటే ఈ సినిమాలు సీమను ఎంత వెక్కిరించాయో అంత పొగిడాయి కూడా. పాలెగాళ్ల రక్తం, పౌరుషం అంటూ ఆ హత్యలకు ఒక వంశవృక్షం కట్టబెట్టాయి. 1800 తర్వాత మన్రో ఇక్కడి పాలెగాళ్లను అణచిన మాట నిజం. అయితే ఇరవయ్యో శతాబ్దపు వర్గాల కొట్లాట సారా పాటల మీద, రోడ్ల కాంట్రాక్టుల మీద, పంచాయతీ పదవుల మీద నడిచింది. దానికి పౌరుషం కన్నా లాభం మీదే చూపు ఎక్కువ. పల్లెలో దీన్ని ఫ్యాక్షన్ అనరు, 'పార్టీ' అంటారు. పార్టీలో నాయకుడు ఒక కులం, 'మనుషులు' ఇంకో కులాలు. బోయలు, మాలలు, మాదిగలు, ఇతర పేద కులాలు. పని కావాలన్నా, గుడిసె నిలవాలన్నా ఏదో ఒక పార్టీ మనిషి కాక తప్పదు. నాయకులు అలిసిపోయినప్పుడు రాజీ చేసుకుంటారు, వియ్యమూ అందుకుంటారు. మనుషుల మీది కేసులు మాత్రం కోర్టులో అట్లే ఉంటాయి. సినిమా ఏ రోజూ ఆ మనిషి పెండ్లాం ముఖం చూపించలేదు.

కోస్తావాళ్లు వెక్కిరిస్తే మనవాళ్లు వెంటనే కారంచేడు (1985), చుండూరు (1991) ఎత్తి చూపుతారు. నాగరికులం అనుకునే డెల్టా, కాలువ నీళ్ల డెల్టా దళితుల్ని ఊచకోత కోసింది గదా అని. మాట నిజమే. అయితే దళితుల శవాల్ని ప్రాంతాల పందెంలో పావులు చేయడాన్ని మేం ఒప్పుకోం. 1998లో కర్నూలు జిల్లా వెంపెంటలో చచ్చిపోయిందీ దళితులే. బసివిని వదిలే ఆచారమూ సీమదే. 1988లో చట్టం చేసి నిషేధించాల్సి వచ్చింది. సీమను ప్రేమించేవాళ్లు ఈ మాట కూడా ఒప్పుకుని ప్రేమించాలి.

గర్వపడేవాళ్లు తరచూ చెప్పే ఇంకో మాట: సీమ ఎంతమంది ముఖ్యమంత్రుల్ని ఇచ్చిందో చూడండి అని. నీలం, కోట్ల, నారా, వై.ఎస్. అని ఏకరువు పెడతారు. కర్నూలు పక్కన పెద్దపాడులో 1921లో పుట్టిన దామోదరం సంజీవయ్య పేరు ఆ జాబితాలో చివరికి జరుగుతుంది. 1960 జనవరి నుంచి 1962 మార్చి దాకా ఆయన ముఖ్యమంత్రి. ఈ దేశంలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు. 1962లోనే అఖిల భారత కాంగ్రెస్‌కు కూడా అధ్యక్షుడయ్యాడు. ఆ గౌరవం దక్కిన మొదటి దళితుడూ ఆయనే. ఏ కోటకూ వారసుడు కాదు, ఏ పార్టీకీ నాయకుడు కాదు. మాల ఇంట్లో పుట్టి, తండ్రి లేని పిల్లవాడిగా పెరిగి, న్యాయశాస్త్రం చదివినవాడు. సీమ పౌరుషం పేరుతో ఆయన మీద మాత్రం సినిమా రాలేదు.

యాస సంగతి కూడా చెప్పాలి. "యాడికి పోతాండావప్పా" అంటే నవ్వేవాళ్లకు ఒక విషయం గుర్తు చేయొచ్చు. మనకు దొరికిన మొదటి తెలుగు శాసనం కడప జిల్లా కలమళ్లలోనిది, క్రీ.శ. 575 ప్రాంతానిది. మన పిల్లలకు ఇది బడిలో చెప్పాలి. అలాగే నిన్నటిదాకా కూలోళ్ల తిండి అని ఈసడించిన కొర్రలు, రాగులు ఇప్పుడు సిరిధాన్యాలై పట్నం అంగళ్లలో సన్నబియ్యం కన్నా ఎక్కువ ధర పలుకుతున్నాయి. సంగటి మారలేదు, తినేవాళ్ల కులం మారింది.

ఇన్ని చెప్పినా అసలు మాట మిగిలే ఉంది. "మాది ఫలానా ఊరు" అంటాం. ఆ ఊళ్లో 'ఊరు' అంటే ఏమిటి? మాలగేరి నుంచి, మాదిగగేరి నుంచి బయల్దేరిన మనిషి రచ్చబండ వైపు పోతూ "ఊళ్లోకి పోయొస్తా" అంటాడు. పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నవాడు ఊళ్లోకి పోవడమేమిటి? 1937 శ్రీబాగ్ ఒప్పందం నుంచి సీమ నీళ్ల కోసం అడుగుతూనే ఉంది. ఆ అడగడంలో మేమూ ఉన్నాం, రేపూ ఉంటాం. నీళ్లొస్తే కూలి రోజులైనా పెరుగుతాయి. కానీ తొలి కాలువ ఎవరి చేనికి పారుతుంది, ఆ చేలో మా పేరున ఎన్ని సెంట్లున్నాయి అని సభలో లేచి అడిగితే "ఇప్పుడు కులం ఎందుకప్పా, ముందు సీమ గదా" అంటున్నారు.