కొన్న ఆట ఎవరిది?

మన సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గంలోని మిత్రులు అడిగారు. నేను కంప్యూటర్ సైన్సు విద్యార్థినిని గనుక ఏ కృత్రిమ మేధ గురించో రాస్తాననుకున్నారు. కంప్యూటర్ ఆటల గురించి రాస్తానంటే ఒకరిద్దరు నవ్వారు. "పరీక్షలు దగ్గర పెట్టుకొని ఆటల మీద వ్యాసమా?" అన్నారు. ఆట అన్నది పేరుకే గాని, విషయం సొత్తుకు సంబంధించినది. డబ్బిచ్చి కొన్న వస్తువు మన సొంతం అవుతుందా, కాదా అన్నదే ప్రశ్న. జీవితంలో ఒక్క కంప్యూటర్ ఆట కూడా ఆడని మన అధ్యాపకులకు సైతం ఇందులో పని ఉంది. ఎలాగో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

మా ఇంట్లో రెండు ఆటలు

మా అమ్మమ్మకు ఒక వామనగుంటల పీట ఉండేది. ఆవిడ పెళ్లినాటిది. పద్నాలుగు గుంటలున్న టేకు పీట. పిక్కలు పోతే పెరట్లో చింతచెట్టు కింద మళ్లీ ఏరుకొనేవాళ్లం. ఆ పీటను అమ్మమ్మ మా అమ్మకిచ్చింది. దాన్ని చేసిన వడ్రంగి ఎవరో, ఏ ఊరివాడో ఇప్పుడు చెప్పగలిగిన వాళ్లు లేరు. అయినా పీట మీద ఆట మాత్రం ఆగలేదు.

రెండో ఆట నేను కొన్నది. డిగ్రీలో మొదటిసారి స్కాలర్‌షిప్పు డబ్బు చేతికొచ్చినప్పుడు ఒక ఆన్‌లైన్ దుకాణంలో కొన్నాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఊరు కట్టే ఆట అది. 2021 వేసవిలో నేను, తమ్ముడు కలిసి అందులో మా అమ్మమ్మ ఊరు కట్టడం మొదలుపెట్టాం. అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకొని పక్కన కూర్చునేది. "రామాలయం అటు కాదే, చెరువుగట్టుకు ఇవతల. రచ్చబండ ఏదీ?" అని దిద్దేది. ఆవిడ చిన్నప్పటి ఊరు, ఇప్పుడు లేని ఊరు, ఆవిడ చెబుతుంటే మేం కట్టాం.

2023లో కంపెనీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ముప్ఫై రోజుల్లో సర్వరు మూసేస్తున్నామనీ, ఇంతకాలం ఆదరించినందుకు కృతజ్ఞతలనీ దాని సారాంశం. మేం కట్టిన ఊరు మా కంప్యూటరులో లేదు, వాళ్ల సర్వరులో ఉంది. "అక్కా, మనం డబ్బులిచ్చి కొన్నాం కదా, వాళ్లెలా తీసేస్తారు?" అన్నాడు తమ్ముడు. సమాధానం కోసం, కొన్న రోజున చదవకుండా "అంగీకరిస్తున్నాను" అని నొక్కేసిన ఒప్పందం తీసి మొదటిసారి చదివాను. వాళ్లు తీసేయవచ్చునని అందులో స్పష్టంగానే ఉంది. అమ్మమ్మ ఇప్పుడు లేదు. పీట ఉంది, ఊరు లేదు.

కొనడమంటే ఏమిటి?

ఈ సంగతి అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఒక పుస్తకం కొన్నామనుకోండి. అందులోని రచన మీద హక్కు రచయితది, ప్రచురణకర్తది. దాన్ని అచ్చువేసి అమ్ముకొనే అధికారం మనకు లేదు. కాని ఆ ఒక్క ప్రతి మాత్రం మనది. దాన్ని మిత్రుడికి ఇవ్వవచ్చు, పాత పుస్తకాల వాడికి అమ్మవచ్చు. ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పుస్తకాల బేరం సాగుతోందంటే ఈ సూత్రం వల్లనే.

ఈ సూత్రానికి ఒక చిత్రమైన కథ ఉంది. అమెరికాలో ఒక ప్రచురణ సంస్థ "ది కాస్టవే" అనే నవల అచ్చువేసి, ఒక డాలరుకు తక్కువగా ఎవరూ అమ్మకూడదని పుస్తకంలోనే నోటీసు ముద్రించింది. మేసీస్ దుకాణం వారు దాన్ని 89 సెంట్లకు అమ్మారు. వ్యవహారం సుప్రీంకోర్టుదాకా పోయింది. ఒకసారి అమ్మిన తరువాత ఆ ప్రతి మీద ప్రచురణకర్తకు అలాంటి పెత్తనం ఉండదని 1908లో కోర్టు తీర్పు చెప్పింది. మన దేశంలోని 1957 నాటి కాపీరైట్ చట్టం కూడా, ఒకసారి చలామణిలోకి వచ్చిన పుస్తక ప్రతిని మళ్లీ అమ్ముకోవడాన్ని అడ్డుకోదు.

ఆన్‌లైన్ దుకాణంలో ఆట కొన్నప్పుడు జరిగేది వేరు. తెర మీద "కొనండి" అని ఉంటుంది. ఒప్పందంలో మాత్రం "ఇది అమ్మకం కాదు, లైసెన్సు" అని ఉంటుంది. లైసెన్సు అంటే అనుమతి. ఇల్లు కొన్నామనుకొని అద్దెకు దిగినట్టు! కంప్యూటర్ ఆటలకు పెద్ద దుకాణమైన స్టీమ్ ఒప్పందంలో మనకు పెట్టిన పేరే "చందాదారు". ఆ అకౌంటును మరొకరికి బదిలీ చేయడానికి వీల్లేదు. అంటే అమ్మమ్మ పీట అమ్మకు వచ్చినట్టు, ఒకరు కొన్న రెండువందల ఆటలు వాళ్ల పిల్లలకు హక్కుగా రావన్నమాట.

దీని మీద కోర్టుల్లో వాదాలు నడవకపోలేదు. ప్యారిస్‌లో ఒక వినియోగదారుల సంఘం స్టీమ్ యజమాని అయిన వాల్వ్ కంపెనీ మీద దావా వేసింది. కొన్న ఆటను మళ్లీ అమ్ముకొనే హక్కు వినియోగదారుకు ఉందని 2019లో కింది కోర్టు అంది. 2022లో పై కోర్టు ఆ తీర్పును తిరగేసింది.

పూజారి వరమివ్వకపోతే

"ఆట మన కంప్యూటరులోనే ఉంటుంది కదా, ఇక భయమేమిటి?" అని కొందరడుగుతారు. ఇక్కడ మూడు ముడులున్నాయి. మొదటిది దుకాణం. అది మూతపడితే కొత్తగా కొనలేం. పాతవాటిని మళ్లీ దించుకొనే వీలు ఎంతకాలం ఉంచుతారో వాళ్ల ఇష్టం. రెండవది తాళం. చాలా ఆటలు మొదలయ్యేముందు కంపెనీ సర్వరును "ఇతనికి అనుమతి ఉందా?" అని అడుగుతాయి. దీన్నే డి.ఆర్.ఎం. అంటారు. మూడవది ఆటలోనే కొంత భాగం సర్వరులో నడవడం. మా ఊరు పోయింది ఈ మూడో ముడి వల్లనే. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తెగినా దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెతే. డబ్బూ ఇచ్చాం, డిస్కులో ఫైలూ ఉంది, కాని అటునుంచి "ఊ" అనే దిక్కుండదు.

ఇదంతా ఊహ కాదనడానికి కొన్ని ఉదాహరణలు చెబుతాను.

"ది క్రూ" అనే కారు పందాల ఆటను యుబీసాఫ్ట్ కంపెనీ 2014 డిసెంబరులో విడుదల చేసింది. ఒక్కరే ఆడుకొన్నా ఇంటర్నెట్టు ఉండి తీరాలి. 2023 డిసెంబరులో అమ్మకం ఆపారు. 2024 మార్చి 31న సర్వర్లు ఆపారు. ఆ రోజుతో డిస్కు కొన్నవాళ్లకు కూడా ఆట పోయింది. అక్కడ డిస్కు తలుపుకు తాళంచెవి మాత్రమే, తలుపు వెనక ఇల్లు కంపెనీది. అదే ఏడాది నవంబరులో కాలిఫోర్నియాలో ఇద్దరు దావా వేశారు.

నింటెండో కంపెనీ తన వీ యూ, 3డీఎస్ యంత్రాల దుకాణాల్లో 2023 మార్చి 27న అమ్మకాలు ఆపేసింది. గూగుల్ వారి స్టేడియా 2019 నవంబరులో మొదలై 2023 జనవరిలో మూతపడింది. గూగుల్ వారు ఆటలకు తీసుకొన్న డబ్బు తిరిగి ఇచ్చారు. అలా ఇవ్వడం అన్నిచోట్లా జరగదు. 2021 మార్చిలో సోనీ కంపెనీ తన పీఎస్ 3, వీటా దుకాణాలు మూస్తానని ప్రకటించి, జనం గోల పెట్టాక ఏప్రిల్‌లో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకొంది. అడిగితే ఫలితం ఉంటుందనడానికి ఇది నిదర్శనం.

మన దేశంలో మన హాస్టళ్లు ఎరిగిన ఉదాహరణ పబ్జీ. 2020 సెప్టెంబరు 2న కేంద్రప్రభుత్వం నిషేధించిన 118 యాప్‌లలో అదీ ఒకటి. అక్టోబరు 30న సర్వర్లు ఆగాయి. 2021 జూలైలో బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022 జూలైలో అదీ దుకాణాల నుంచి మాయమై, 2023 మేలో మళ్లీ వచ్చింది. నిషేధం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఆటలో తుపాకుల రంగులకూ, దుస్తులకూ పాకెట్‌మనీ తగలేసిన కుర్రాళ్లకు మాత్రం, తమ "ఆస్తి" ఎక్కడ ఉందో అప్పుడు తెలిసొచ్చింది.

అవతలి పక్షం మాట

ఒక పక్షమే చెబితే న్యాయం కాదు. ఆన్‌లైన్ దుకాణాల వల్ల మేలు లేకపోలేదు. అసలు ఆటల డిస్కులు అమ్మే కొట్టు లేని ఊళ్లో పుట్టినదాన్ని నేను. దుకాణమే మా ఇంటికి వచ్చింది. డిస్కు గీతలు పడి పాడవుతుంది, కంప్యూటరు మారిస్తే పాత ఆటలు మళ్లీ దించుకోవచ్చు, పండగ తగ్గింపుల్లో చౌకగా దొరుకుతాయి. సర్వరు నడపడానికి ప్రతినెలా ఖర్చవుతుంది. పదిమంది ఆడే ఆటకోసం కలకాలం నడపమనడం ధర్మం కాదని కంపెనీలు అంటాయి. అది నిజమే. కాని సర్వరు కలకాలం నడపమని అడిగేవాళ్లు తక్కువ. వెళ్లిపోయేముందు తాళంచెవి ఇచ్చిపొమ్మని అడిగేవాళ్లే ఎక్కువ. అది అసాధ్యం కూడా కాదు. "ది క్రూ" మీద గొడవ అయ్యాక, దాని తరువాతి ఆటలకు ఇంటర్నెట్టు లేకుండా ఆడుకొనే పద్ధతి కల్పిస్తామని అదే కంపెనీ 2024 సెప్టెంబరులో ప్రకటించింది.

ఆటలతో ఆగేది కాదు

అధ్యాపకులకూ పని ఉందన్నాను కదా. 2009 జూలైలో అమెజాన్ కంపెనీ, హక్కులు లేని వాళ్లెవరో అమ్మకానికి పెట్టారన్న కారణంతో, కొన్నవాళ్ల కిండిల్ యంత్రాల్లోంచి కొన్ని పుస్తకాలను దూరం నుంచే చెరిపేసింది. డబ్బు తిరిగి ఇచ్చింది. ఆ పుస్తకాల్లో జార్జ్ ఆర్వెల్ "1984" ఉండటం విధి వైపరీత్యం! ఆ నవల మీద పాఠశాల పని కోసం ఒక విద్యార్థి రాసుకొన్న నోట్సు దేనికి సంబంధించిందో తెలియకుండా పోయింది. తరువాత కంపెనీ అధిపతి జెఫ్ బెజోస్ క్షమాపణ చెప్పారు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసినప్పుడు, డబ్బు తిరిగి ఇచ్చింది గాని కొన్న పుస్తకాలన్నీ పోయాయి. లైబ్రరీలో బైండు చేసిన జర్నళ్లు చందా ఆపినా బీరువాలోనే ఉంటాయి. కంప్యూటర్లో చదివే జర్నళ్లు చందా ఆపాక ఉంటాయా, పోతాయా అన్నది ఒప్పందంలోని వాక్యాన్ని బట్టి ఉంటుంది. ఆ వాక్యం చదివేవారు ఎందరు?

చరిత్ర మాటకు వస్తే, 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు దుకాణాల్లో దొరకడం లేదని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వారి అధ్యయనం తేల్చింది. తాళపత్రాలను చెదలు తిన్నాయని మనం బాధపడతాం. ఇక్కడ చెదలు లేకుండానే పోతున్నాయి.

ఏం చేస్తున్నారు, ఏం చేయాలి?

కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో ఒక చట్టం చేసింది. అది 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అమ్మేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అనే మాట వాడకూడదు. దించుకొని, ఇంటర్నెట్టు లేకుండా శాశ్వతంగా వాడుకోగలిగేవాటికి మినహాయింపు. చట్టం అమలుకు ముందే స్టీమ్ తన దుకాణంలో ఆ నోటీసు పెట్టింది. ఐరోపాలో, అమ్మిన ఆటలను ఆడరాకుండా చంపవద్దంటూ పౌరులు మొదలుపెట్టిన విన్నపానికి 2025 జూలై నాటికి పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. దీనికి వెనక ఉద్యమం "ది క్రూ" మూతతోనే మొదలైంది.

ఇక మన సంగతి. కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇంటర్నెట్టు లేకుండా నడుస్తుందా? ఫైలును మన డిస్కులో దాచుకోనిస్తారా? మన ఆట పురోగతి ఎక్కడ నిలవ ఉంటుంది? పోలండువారి జీఓజీ వంటి దుకాణాలు తాళం లేని ఇన్‌స్టాలర్ ఇస్తాయి. దాన్ని దించి వేరే డిస్కులో పెట్టుకొంటే దుకాణం మూసినా బెంగ లేదు. దించకుండా వదిలేస్తే మాత్రం అక్కడా అంతే. ఇంటర్నెట్టు తప్పనిసరి అయిన ఆట కొనకూడదని నేననను. సినిమా టిక్కెట్టు కొన్నట్టు కొనండి, భూమి కొన్నట్టు అనుకోకండి.

చివరిగా నా తోటి కంప్యూటర్ సైన్సు మిత్రులకు ఒక మాట. రేపు మనలో కొందరం ఇలాంటి ప్రోగ్రాములు రాసే ఉద్యోగాల్లో చేరతాం. ఒక ఆటను ఎలా ప్రారంభించాలో మీటింగుల్లో గంటలకొద్దీ మాట్లాడతాం. దాన్ని ఎలా ముగించాలి, ముగిసిన రోజున ఆడేవాళ్ల చేతిలో ఏం మిగలాలి అని కూడా ఎవరో ఒకరు లేచి అడగాలి. ఆ పని ప్రారంభంలోనే చేస్తే కష్టం తక్కువ. చేతులు కాలాక ఆకులు పట్టుకొంటే లాభం లేదు.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు తమ్ముడు గళ్ల కాగితం తెచ్చి అమ్మమ్మ ఊరి పటం పెన్సిలుతో గీస్తున్నాడు. రచ్చబండ ఎక్కడో ఇద్దరికీ సరిగ్గా గుర్తు రాలేదు. అడుగుదామంటే ఆవిడ లేదు. అమ్మ అటకమీదినుంచి పీట దించి తుడిచింది. చింతపిక్కలు వేసుకొని పొద్దుపోయేదాకా ఆడుకొన్నాం.