బ్యాటరీల రవాణా: రైతులు గమనింపవలసిన సంగతులు

పల్నాటి మిరప, ప్రత్తి చేలలో చేతిపంపుతో మందు కొట్టు కాలము చాలవరకు గడచినది. నరసరావుపేట మొదలు మాచెర్ల వరకు వీపున తగిలించుకొను బ్యాటరీ స్ప్రేయరు లేని గ్రామ మరుదు. 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గ మంగీకరించిన నమో డ్రోన్ దీదీ పథకము మూలమున మహిళా సంఘములకు మందు చల్లు డ్రోనుల నిచ్చు ఏర్పాటును జరిగినది. ఈ యంత్రములవలన శ్రమ తగ్గి, పని వేగమైనది. అది మేలే. కాని యంత్రముతోబాటు మన యింటికి వచ్చిన బ్యాటరీని ఒకచోటినుండి మరియొకచోటికి ఎట్లు పంపవలెనో మనలో తెలిసినవారు కొలదిమందియే. ఆ కొరతను కొంత తీర్చుటకే యీ వ్యాసము.

ముఖ్యమగు సంగతి మొదటనే చెప్పెదను. మంచి బ్యాటరీ పొలములోనే యుండును. చెడినదే మరమ్మతునకై ప్రయాణము చేయును. ఉబ్బినదానిని, క్రిందపడినదానిని, తడిసినదానిని గోనెసంచిలో చుట్టి, "స్ప్రేయరు సామాను" అని మాత్రము చెప్పి, గుంటూరునకో హైదరాబాదునకో పోవు బస్సులో వేయుట పెక్కుచోట్ల వాడుకయైపోయినది. బ్యాటరీలలో మిక్కిలి యపాయకరమైనదే మిక్కిలి అజాగ్రత్తగా ప్రయాణము చేయుచున్నది.

బ్యాటరీలో నిప్పు పుట్టు విధము

బ్యాటరీలన్నియు నొక్క జాతివి కావు. పలు స్ప్రేయర్లలో సీసము, ఆమ్లముగల బరువైన బ్యాటరీ యుండును. దానిలోని ఆమ్లము ఒలికిన చర్మము కాలును. దానికి వేరు నియమములు గలవు. 1991లో మొదట విక్రయమునకు వచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ తేలికయైనది. సెల్‌ఫోనులలోను, విద్యుత్ స్కూటర్లలోను, క్రొత్త స్ప్రేయర్లలోను ఉండునది యిదియే. డ్రోనులలోని లిథియం పాలిమరు బ్యాటరీయు ఈ కుటుంబములోనిదే. మీయొద్ద నున్నది యే జాతిదో పైచీటిని చూచి తెలిసికొనవలెను.

లిథియం అయాన్ బ్యాటరీలో రెండు పొరల నడుమ వెండ్రుకకంటె పలుచనైన ప్లాస్టిక్ తెర యుండును. ఆ పొరలను తడుపు ద్రవము మండు స్వభావము గలది. దెబ్బ తగిలియో, లోహము గ్రుచ్చుకొనియో, మితిమీరి ఛార్జి యెక్కియో ఆ తెర చిరిగినచో లోపల వేడి పుట్టును. ఆ వేడి మరింత వేడిని పుట్టించును. ఒక గది మండి ప్రక్క గదిని మండించును. విషవాయువులు వెలువడును. ఆరినదనుకొన్న నిప్పు కొన్ని గంటల పిమ్మట మరల రాజుకొనవచ్చును. దెబ్బ తగిలిన వెంటనే కాక, ఆలస్యముగా మండుటయు గలదు. కావున ఉదయమున క్రిందపడిన బ్యాటరీ సాయంకాలము వరకు నెమ్మదిగా నున్నదని నమ్మరాదు.

కర్నూలు దుర్ఘటన చెప్పు పాఠము

2025 అక్టోబరు 24వ తేదీ తెల్లవారుజామున, హైదరాబాదునుండి బెంగుళూరు పోవుచున్న ప్రైవేటు బస్సు కర్నూలు జిల్లా చిన్నటేకూరు వద్ద రోడ్డుపై పడియున్న మోటారు సైకిలును ఈడ్చుకొనిపోగా నిప్పంటుకొని, బస్సులోని 19 మంది ప్రయాణికులు మరణించిరి. నిప్పునకు మూలము బ్యాటరీలు కావు; మోటారు సైకిలునుండి కారిన పెట్రోలు. కాని ఆ బస్సు సామానుల అరలో పార్సిలుగా 234 స్మార్టు ఫోను లుండెననియు, వాని బ్యాటరీలు ప్రేలుటచే మంట తీవ్రమైయుండుననియు వార్తలు వెలువడినవి. పైన నిద్రించుచున్నవారికి క్రింద నేమున్నదో తెలియదు. తెలిసియున్నచో ఎవరు ఎక్కియుందురు?

ఆకాశమార్గమున ఈ పాఠము ముందే నేర్వబడినది. 2010 సెప్టెంబరు 3న దుబాయినుండి బయలుదేరిన యు.పి.ఎస్. సంస్థవారి సరకుల విమానములో లిథియం బ్యాటరీలున్న సరకు మండి, విమానము కూలి, పైలట్లిద్దరును మరణించిరి. విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానములలో సరకుగా పంపుట 2016 ఏప్రిలు 1 నుండి అంతర్జాతీయముగా నిషిద్ధము. సరకుల విమానములో పంపునపుడును వాని ఛార్జి నూటికి 30 పాళ్లకు మించరాదు. దెబ్బతిన్న బ్యాటరీని విమానమున నెక్కింపనే కూడదు.

నియమముల సారాంశము

ఐక్యరాజ్యసమితి వర్గీకరణలో లిథియం బ్యాటరీలు ప్రమాదకర సరకులలో తొమ్మిదవ తరగతికి చేరినవి. విడిగా పంపు లిథియం అయాన్ బ్యాటరీకి యు.ఎన్. 3480 అనియు, యంత్రములోనో యంత్రముతోబాటో పంపుదానికి యు.ఎన్. 3481 అనియు సంఖ్యలు. రవాణాకు రాకపూర్వము ప్రతి నమూనాయు వేడి, చలి, కుదుపు, దెబ్బ మొదలగు పరీక్షలలో నెగ్గవలెను. దీనినే యు.ఎన్. 38.3 పరీక్ష యందురు. పేరు లేని చౌక బ్యాటరీని కొనునపుడు ఈ పరీక్షాపత్రమును అడుగుడు.

బ్యాటరీ శక్తిని వాట్-గంటలలో కొలుతురు. వోల్టులను ఆంపియర్-గంటలతో హెచ్చవేసినచో ఆ లెక్క వచ్చును. 12 వోల్టులు, 12 ఆంపియర్-గంటలుగల స్ప్రేయరు బ్యాటరీ 144 వాట్-గంటలది. 44.4 వోల్టులు, 16 ఆంపియర్-గంటలుగల డ్రోను బ్యాటరీ సుమారు 710 వాట్-గంటలది. 100 వాట్-గంటలకు మించిన బ్యాటరీకి నియమములు కఠినతరములు. మన స్ప్రేయర్లు పెక్కు ఆ హద్దునకు దగ్గరలోనో, పైననో యుండుట గమనింపదగినది.

మన దేశమున 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమముల ప్రకారము, ప్రమాదకర సరకు పంపువాడు దానినిగూర్చి పూర్తి సమాచారమును రవాణాదారునకు తెలుపవలెను. రైలులో పంపువారును అట్టి సరకునుగూర్చి వ్రాతమూలకముగా తెలిపి, కట్టపై స్పష్టముగా గుర్తు వేయవలెనని 1989 నాటి రైల్వే చట్టము శాసించుచున్నది. తప్పినవారు శిక్షకు పాత్రులగుటయే కాక, కలిగిన నష్టమునకును బాధ్యులు.

పంపువారు చేయవలసినవి

1. బ్యాటరీ ఉబ్బినను, కారినను, వాసన కొట్టినను, వాడకుండగనే వేడెక్కినను దానిని బస్సునకు గాని కొరియరునకు గాని ఈయకుడు. అమ్మినవారికి తెలిపి, వారి మనుష్యులే వచ్చి తీసికొనిపోవు ఏర్పాటు చేయుమని కోరుడు. అంతవరకు దానిని ఇంటికిని గడ్డివామికిని దూరముగా, పొడియిసుకగల ఇనుప డబ్బాలో ఆరుబయట నీడపట్టున నుంచుడు. మూత బిగింపకుడు.

2. మంచి బ్యాటరీని పంపునపుడు ఛార్జి తగ్గింపుడు. రెండు కొనలకును వేర్వేరుగా టేపు చుట్టుడు. ఒక్కొక్క బ్యాటరీని విడివిడిగా ప్లాస్టిక్ సంచిలో నుంచి, కదలకుండ మెత్త పెట్టి, గట్టి పెట్టెలో అమర్పుడు. అదే పెట్టెలో మేకులు, పానాలు, తీగెలు వేయరాదు.

3. తొమ్మిదవ తరగతి చీటిలో పైసగమున ఏడు నల్లని నిలువుగీతలు, క్రింద మంటతో బ్యాటరీల బొమ్మ యుండును. అవసరమైనచోట ఆ చీటి నంటింపుడు. బిల్లుపై "లిథియం బ్యాటరీ" అనియే వ్రాయింపుడు. "సామాను" అని వ్రాయించుట అసత్యము. దానివలన మోసపోవువాడు బరువు మోయు హమాలీ.

4. పెట్టెను మిరప టిక్కీలతోను, ప్రత్తి బోరెములతోను, పురుగుమందులతోను కలిపి వేయకుడు. రెంటచింతల యెండలు రాష్ట్రమంతట ప్రసిద్ధములు. ఆ యెండలో మూసిన వాహనమున గంటలతరబడి వదలకుడు.

5. నిప్పంటుకొన్నచో ముందుగా మనుష్యులను దూరము పంపుడు, పొగ పీల్పకుడు, 101కి ఫోను చేయుడు. దూరమునుండి సమృద్ధిగా నీరు చల్లి చల్లార్చుటయే లిథియం అయాన్ బ్యాటరీకి తగిన మార్గము.

సంఘములు పూనుకొనవలసిన పని

2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమముల ప్రకారము, వాడి పారవేయు బ్యాటరీలను సేకరింపించి శుద్ధి చేయించు బాధ్యత ఉత్పత్తిదారులది. వానిని చెత్తలో కలపక వేరుగా అప్పగించుట మన బాధ్యత. ఒక్క రైతు అడిగిన కంపెనీవారు వినకపోవచ్చును. సహకార సంఘము స్ప్రేయర్లను మొత్తముగా కొనునపుడే "చెడిన బ్యాటరీని మీరే వచ్చి తీసికొనిపోవలెను" అను షరతు వ్రాయించుకొన్నచో కాదనువారు తక్కువ. ఎరువుల గిడ్డంగికి దూరముగా ఒక మూల ఇసుక డబ్బాలు రెండుంచుట సంఘమునకు పెద్ద ఖర్చు కాదు.

మందు చల్లునపుడు గాలి యే దిక్కున వీచునో చూచి, ప్రక్క చేనివాని పశువులకు హాని లేకుండ పని చేయుట మనకు అలవాటే. బ్యాటరీ విషయమునను ఆ వివేకమే కావలెను. మన పార్సిలుతో ప్రయాణము చేయువారి ప్రాణములు మన మాట సత్యముపై నాధారపడియున్నవి. కావున ఈ కారున నొక్క బ్యాటరీ పంపవలసివచ్చినను, పెట్టెలో నున్నదేదో పెట్టెపైన వ్రాసియే పంపుదురుగాక.